బగ్గు పిలిస్తే పలకాలి

కళ్యాణదుర్గం

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఒక పదును వాన పడింది. ఇంకొకటి పడితే చెనిక్కాయ విత్తేద్దామని మీ చిన్నాన్న గొర్రు సర్దిపెట్టుకుని మబ్బుల కేసి చూస్తున్నాడు. మీ పెద్దమ్మ నీకు ఓళిగలు పంపుతానంటోంది. ఈ ఎండలో బెంగళూరు బస్సెక్కితే అవి ఏమవుతాయో నేను చెప్తే వినదు.

సరే, నీ మెయిలు సంగతికి వస్తాను. నాకు అర్థమైనంత చెప్తాను, తేడా ఉంటే దిద్దు. మీ ఆఫీసులో వాడే పైథాన్ ప్యాకేజీల మెటాడేటా ఫైళ్లన్నీ చదివి, ఏది ఎవరు రాశారు, ఏ వెర్షను, ఇంకే ప్యాకేజీల మీద ఆధారపడుతుంది అని పట్టిక వేసే స్క్రిప్టు రాశావు. నీ ఉబుంటులో నడిచింది. మీ లీడ్ గారి విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క ప్యాకేజీ దగ్గర టక్కున ఆగిపోయింది. ఆ ప్యాకేజీ కూడా నువ్వు రాసిందే. రచయిత పేరుండే వరసలో సరదాగా ‘అనంతపురం అమ్మాయి’ అని తెలుగులో పెట్టుకున్నావు. ఆయన అది చూసి, పేరు ఇంగ్లీషులోకి మార్చి టికెట్టు మూసెయ్యమన్నాడు. నీ దగ్గర ఎంత నడిపినా ఎర్రర్ రాకపోయేసరికి ఆయనకు ఏం చెప్పాలో నీకు తోచలేదు. మార్చనా వద్దా అని నన్నడిగావు.

మార్చొద్దు. తెలుగు మీద మమకారంతో అంటున్న మాట కాదిది, ఆ మమకారం నాకెంత ఉన్నా సరే. తప్పు పేరులో ఉంటే మార్చమనేవాణ్ణే. అది ఎక్కడుందో మీ ఇద్దరికీ ఇంకా తెలియదు. పేరు మార్చావంటే ఎర్రర్ కనబడకుండా పోతుంది, బగ్ మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. ముందు దాన్ని నువ్వు పిలిచినప్పుడల్లా పలికేలా చేసుకో. నీ యంత్రం మీద, ఎదుటివాళ్ల యంత్రం మీద, ఎప్పుడు కావాలంటే అప్పుడు రావాలి. ఆ తర్వాత దిద్దుబాటు చాలాసార్లు ఒక్క వరస పని. మన వృత్తిలో కష్టమంతా దిద్దడంలో ఉందని కొత్తవాళ్లు అనుకుంటారు. బగ్గును మళ్లీ రప్పించడమే అసలు పని, జీతం దానికే ఇవ్వాలంటాను నేను.

మొన్న మీ చిన్నాన్న విత్తనకాయల సంచులు తెచ్చాడు. మూతికి నీలం ట్యాగు కుట్టి ఉంది. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ దాని మీద ఉంటాయి. ధ్రువీకరించిన చెనిక్కాయ విత్తనానికి మొలక 70 శాతానికి తగ్గకూడదు. సంచి విప్పకుండానే లోపలిది ఏమిటో ఆ ట్యాగే చెప్పాలి. ప్యాకేజీకి మెటాడేటా ఫైలు సరిగ్గా అదే. ట్యాగు చదివేవాడికి ఆ లిపి రాకపోతే సంచిలో కాయలు పుచ్చినట్టు కాదు గదా. మీ లీడ్ గారు చేసిన నిర్ణయం మాత్రం అలాగే ఉంది.

ఈ ట్యాగు ఎలా రాస్తారో కాస్త తెలుసుకో, పనికొస్తుంది. పైథాన్ వీల్ ఫైలు నిజానికి జిప్ ఫైలే. విప్పి చూడు, డిస్ట్-ఇన్ఫో అని ముగిసే ఫోల్డరులో మెటాడేటా అనే పేరుతోనే ఒక ఫైలుంటుంది. దాని రూపం ఈమెయిలు నుంచి వచ్చింది. 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822 అనే పత్రం ఈమెయిలు పైభాగం ఎలా ఉండాలో నిర్ణయించింది. ఒక పేరు, కోలన్, విలువ. విలువ రెండో వరసకు పోతే ఆ వరస ముందు ఖాళీ ఉండాలి. పూర్తి ఖాళీ వరస వస్తే పైభాగం అయిపోయి ఉత్తరం మొదలైనట్టు. 2001లో పెప్ 241 అనే పైథాన్ నియమపత్రం ప్యాకేజీలకు ఇదే పద్ధతిని తీసుకుంది. డెబియన్ కంట్రోల్ ఫైళ్లదీ ఇదే వంశం. 1982 నాటి ఆ పత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు పట్టే ఆస్కీ కోసం రాసింది. మన అక్షరాలు దాని లెక్కలో లేవు. ఇప్పటి నియమం ప్రకారం మెటాడేటాను ఫైలులోకి రాసేటప్పుడు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8లోనే రాయాలి. కాబట్టి నీ తెలుగు పేరు నియమానికి లోబడే ఉంది. నియమం తప్పింది చదివిన పక్షం.

ఇప్పుడు నీ స్క్రిప్టు తెరిచి ఫైలును ఓపెన్ చేసే వరస చూడు. ఎన్‌కోడింగ్ ఏదో చెప్పావా? చెప్పలేదని నేను పందెం కాస్తాను. నువ్వు చెప్పకపోతే పైథాన్ ఆ యంత్రం అలవాటును అడుగుతుంది. ఉబుంటు యూటీఎఫ్-8 అంటుంది. మన దేశంలో ఇంగ్లీషులో పెట్టుకున్న విండోస్ సీపీ1252 అంటుంది, అది పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక. ఒకే కోడు, ఒకే ఫైలు, రెండు చదువులు. నీ యంత్రం మీద బగ్గు రాకపోవడానికి కారణం ఇంతే. దాన్ని రప్పించడానికి నీకు విండోస్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఉబుంటులోనే ఆ వరసలో ఎన్‌కోడింగ్ సీపీ1252 అని కావాలనే రాసి నడుపు, అదే ఎర్రర్ పడుతుంది. రివర్సులో కూడా చూడు. లీడ్ గారి యంత్రంలో పైథాన్‌ను యూటీఎఫ్-8 మోడులో నడిపితే ఎర్రర్ పోవాలి. ఆ మోడు 3.7 నుంచి ఉంది. ఒకవైపు రప్పించి, ఇంకోవైపు పోగొట్టగలిగితేనే కారణం దొరికిందని అనొచ్చు. ఒక్కవైపు చూసి గంతులేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇంత తెలిసినా ‘తెలుగు ఉంటే విండోస్‌లో పడిపోతుంది’ అని రిపోర్టు రాయకు. అది నిజం కాదు. మన జిల్లా ఊళ్ల పేర్లు ఒక్కొక్కటి ఒక్కో ఫైలులో పెట్టి సీపీ1252తో చదివించు. అనంతపురం పడిపోతుంది. ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు, హిందూపురం, పెనుకొండ పడిపోతాయి. మడకశిర పడదు. కదిరి పడదు. ఉరవకొండ, శింగనమల, పామిడి, యాడికి పడవు. అవి చిందరవందరగా అచ్చవుతాయి గానీ ప్రోగ్రాము ఆగదు. (ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, మడకశిర, కదిరి 2022 నుంచి మన జిల్లా కాదుగా అంటావేమో. నా లెక్కలో మనవే.) ఎందుకిలా అని ఇక్కడ ఆగి ఆలోచించినవాడే ఇంజనీరు. ఆలోచించనివాడు ‘ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు’ అని రాసి టికెట్టును దేవుడికి వదిలేస్తాడు.

అక్షరాలను కాదు, బైట్లను చూడు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది ఒక్కో గుర్తుకు ఒక్కో రకం. సీపీ1252 పట్టికలో 256 గళ్లున్నాయి, వాటిలో అయిదు ఖాళీ: 129, 141, 143, 144, 157. మిగతా ఏ బైటు వచ్చినా ఏదో ఒక అక్షరం ముద్రిస్తుంది, ఈ అయిదింటిలో ఒకటి వస్తే పైథాన్ చేతులెత్తేస్తుంది. ఇప్పుడు మన గుర్తులు చూడు. కొమ్ము 224, 177, 129. పొల్లు 224, 177, 141. ఏ అనే అచ్చుకు చివరి బైటు 143, ఐకి 144, ఝకు 157. మనకు రోజూ తగిలేవి కొమ్ము, పొల్లు. ఒత్తక్షరం ఉన్న ప్రతిచోటా రెండు హల్లుల మధ్య పొల్లు దాక్కుని ఉంటుంది, కంటికి కనబడదు గానీ ఫైలులో ఉంటుంది. ధర్మవరం అందుకే పడింది. పెనుకొండ కొమ్ము వల్ల పడింది. మడకశిరలో కొమ్మూ లేదు, పొల్లూ లేదు.

నీ యంత్రం మీద ఒట్టి ‘అనంతపురం’ అనే ఒక్క మాట ఉన్న ఫైలు చెయ్యి. చివర కొత్త వరస కూడా పెట్టకు. ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ఎర్రర్ 17వ స్థానం అని చెప్తుంది. సున్నా నుంచి లెక్కపెడితే అక్కడున్నది కొమ్ము మూడో బైటు. పదహారుల లెక్కలో రాస్తుంది కనుక నీకు 129 బదులు 81 కనబడుతుంది, కంగారు పడకు. ఇప్పుడు ఆ కొమ్ము ఒక్కటి తీసేసి ‘అనంతపరం’ అని రాసి నడుపు. పడదు. ఈ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే ఇంక వాదించేవాడు ఉండడు.

ఇదే 129 ఇంకెక్కడ వస్తుందో తెలుసా? హంగేరీలో ఆడమ్ అనే పేరు మొదటి అక్షరం మీద వాలు గీతతో రాస్తారు. ఆ అక్షరానికి యూటీఎఫ్-8లో రెండు బైట్లు, 195, 129. అంటే బుడాపెస్టు కుర్రాడు ప్యాకేజీ రాసినా మీ లీడ్ గారి ల్యాప్‌టాప్ ఇలాగే పడిపోతుంది. ఆ కుర్రాడికి పేరు మార్చుకొమ్మని మెయిలు పెడతారా? ఈ మాట ఆయనతో అనేటప్పుడు కొంచెం నవ్వుతూ అను.

నీకు దొరికిన ఫైలు పెద్దదైతే దాన్ని చిన్నది చేసే పద్ధతి చెప్తాను. సగానికి కొయ్యి. పై సగంతో నడుపు, బగ్గు వస్తే కింది సగం పారెయ్, రాకపోతే పై సగం పారెయ్. 300 వరసల ఫైలు తొమ్మిది కోతల్లో ఒక్క వరసకు వస్తుంది. ఆండ్రియాస్ జెల్లర్ అనే జర్మన్ ఆచార్యుడు ఎప్పుడో ఈ కోత పనిని యంత్రంతో చేయించే పద్ధతి ప్రచురించాడు. కోసిన ప్రతిసారీ వచ్చేది అదే ఎర్రరా, ఇంకోటా అని చూసుకో. సగం కోసిన ఫైలు వేరే కారణంతో కూడా పడిపోగలదు. అదే అనుకుని కోస్తూ పోతే చివరికి నీ చేతిలో వేరే బగ్గు మిగులుతుంది.

దిద్దుబాటు ఒక్కటే, ఫైలును ఓపెన్ చేసే వరసలో యూటీఎఫ్-8 అని చెప్పడం. నువ్వు దానికి కూర్చోగానే ఎవరో ఒకరు అడ్డదారి చెప్తారు. ఒకటి, అర్థంకాని బైట్లను వదిలెయ్యమని పైథాన్‌కు చెప్పడం. ప్రోగ్రాము నడుస్తుంది, పేరు నుంచి ముక్కలు రాలిపోతాయి, ఎవరికీ తెలియదు. రెండోది ఇంకా గడుసుది. లాటిన్-1 పెట్టు, అది ఎప్పుడూ పడిపోదు అంటారు. నిజమే, లాటిన్-1కు 256 గళ్లూ నిండే ఉన్నాయి. కానీ నీ స్క్రిప్టులో వరసలు విడదీయడానికి స్ప్లిట్‌లైన్స్ వాడావని రాశావు. ఇప్పుడు ‘అ’ను చూడు: 224, 176, 133. లాటిన్-1లో 133 అంటే ‘తర్వాతి వరస’ అనే కనబడని గుర్తు. స్ప్లిట్‌లైన్స్ దాన్ని కూడా వరస చివర కిందే జమకడుతుంది. అంటే అనంతపురంలో మొదటి అక్షరం దగ్గరే వరస తెగిపోతుంది. మిగిలిన ముక్కలో కోలన్ ఉండదు. కోలన్ లేని వరస వస్తే పైభాగం అయిపోయిందనుకునేలా నువ్వు కోడు రాశావు. ఆ ప్యాకేజీ దేనిమీద ఆధారపడుతుందో చెప్పే వరసలన్నీ రచయిత వరసకు కిందే కదా ఉండేది. అవన్నీ పట్టికలో మాయం. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, పట్టిక అందంగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది. ఇదే ఫైలులో మడకశిర అని ఉంటే ఏమీ జరగదు. కూలిపోయే ప్రోగ్రాము నయం. అది కనీసం అరుస్తుంది.

ఈ నోరు లేని జబ్బు నీ స్క్రిప్టుకే కాదు, లోకంలో పెద్ద పరికరాలకూ వచ్చింది. ప్యాకేజీ సారాంశం ఒక్క వరసలో ఉండాలి. ఎవరో రెండు వరసలు రాస్తారు. ఒకప్పుడు ప్యాకేజీలు కట్టే సెటప్‌టూల్స్ దాన్ని అలాగే మెటాడేటాలోకి దింపేసేది, తర్వాత్తర్వాత హెచ్చరించడం నేర్చుకుంది. రెండో వరస ముందు ఖాళీ లేదు, అందులో కోలన్ లేదు. పైథాన్ ఈమెయిలు పార్సర్ దాన్ని చూసి, ఇక్కడితో పైభాగం అయిపోయింది కాబోలు, మధ్యలో ఖాళీ వరస పెట్టడం మర్చిపోయారు అనుకుని, అక్కడి నుంచి అంతా ఉత్తరం కింద లెక్కేస్తుంది. ఆధారాల వరసలు ఉత్తరంలో కలిసిపోతాయి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుంది, దానికి కావలసినవి అవ్వవు, నడిపినప్పుడు ‘ఫలానా మాడ్యూల్ లేదు’ అని వస్తుంది. ఆ ఎర్రర్ చూసినవాడు ఇంపోర్టు దగ్గర వెతుకుతాడు. తప్పు జరిగింది ప్యాకేజీ కట్టిన రోజున, సారాంశం వరసలో. నీకు ఇలాంటి కేసు తగిలితే పార్సర్‌ను ‘నీకు ఏమేం పేర్లు దొరికాయి’ అని అడిగి, వాటిని ఫైలులో కంటికి కనబడే పేర్లతో పోల్చి చూడు. లెక్క తేడా వచ్చిన చోట బగ్గు ఉంటుంది.

ఫైలు ఎవరూ ముట్టుకోకపోయినా బగ్గు పుట్టొచ్చు, అదీ గుర్తుంచుకో. 2022 డిసెంబరులో ప్యాకేజింగ్ అనే లైబ్రరీ 22.0 వెర్షను వచ్చింది. అంతకుముందు పద్ధతికి సరిపడని పాతకాలం వెర్షను సంఖ్యలను అది ఏదోలా ఓర్చుకునేది. ఆ వెర్షనులో ఓర్పు తీసేశారు. నిన్నటిదాకా చదివిన ఫైళ్లు తెల్లారేసరికి ఎర్రర్ ఇచ్చాయి. అందుకని నీ రిపోర్టులో పైథాన్ ఏ వెర్షను, పిప్ ఏది, సెటప్‌టూల్స్ ఏది, ప్యాకేజింగ్ ఏది, ఆపరేటింగ్ సిస్టం ఏది, దాని డిఫాల్టు ఎన్‌కోడింగ్ ఏది అన్నీ రాయి. అడిగినప్పుడు చెప్దాంలే అనుకోకు. అడగరు, మూసేస్తారు. పెప్ 686 ప్రకారం పైథాన్ 3.15 నుంచి విండోస్‌లో కూడా యూటీఎఫ్-8 డిఫాల్టు. అప్పుడు ఈ బగ్గు దానంతటదే పోతుందిగా అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే, మీ సర్వర్ల మీద ఇప్పుడు ఏ వెర్షను నడుస్తోందో అడుగు. మన ఆఫీసుల్లో పాత వెర్షన్లు పాత బాకీల్లాగే ఉంటాయి, తీరవు.

తెలుగువాళ్లుగా మనకు ఈ విషయంలో ఒక పెద్ద పాఠం ఉంది. 2018 ఫిబ్రవరిలో నువ్వు ఇంకా స్కూల్లో ఉండి ఉంటావు. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లు ఒక తెలుగక్షరం మెసేజిలో వస్తే పడిపోయేవి. ఆకతాయిలు ఊరికే దాన్ని పంపుకునేవాళ్లు. ‘ఫోను చంపే తెలుగక్షరం’ అని లోకమంతా వార్త. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6తో దిద్దింది. ఈలోగా కొంతమంది ఇంజనీర్లు కూర్చుని దాన్ని విడదీశారు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి, చివర ఆ దీర్ఘం. అయిదే అయిదు. ఆ కనబడని గుర్తు తీసేస్తే ఏమీ కాదు, మామూలు ‘జ్ఞా’ ఎంత రాసినా ఫోనుకు చీమ కుట్టదు. ఇంకా తవ్వితే అదే అమరికతో బెంగాలీలోనూ దేవనాగరిలోనూ పడిపోయే జతలు దొరికాయి. అంటే అది తెలుగు బగ్గు కాదు. అక్షరాలను కూర్చి చూపే కోడులో ఉన్న బగ్గు, మొదట తెలుగులో కనబడింది. వార్త రాసినవాళ్లు భాష పేరు పెట్టారు, విడదీసినవాళ్లు కారణం చెప్పారు. మీ లీడ్ గారు వార్త రాసినవాళ్ల వైపు ఉన్నారు. నువ్వు రెండోవైపు నిలబడు.

ఇక పంపడం సంగతి. ఫైలులోని మాటను కాపీ చేసి వాట్సాప్‌లోనో టికెట్టులోనో అతికించకు. మధ్యలో ఎవరెవరో సాయం చేస్తారు. కొటేషన్లు వంకర తిరుగుతాయి, కనబడని గుర్తులు రాలిపోతాయి, వరస చివరలు మారిపోతాయి. స్క్రీన్‌షాట్ ఇంకా దండగ, అందులో బైట్లే ఉండవు. ఫైలును జిప్ చేసి జతచెయ్యి. వాట్సాప్ తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపు. పంపే ముందు ఎస్‌హెచ్‌ఏ256 వేలిముద్ర తీసి పక్కన రాయి. అవతలివాళ్లు విండోస్‌లోనైనా సర్ట్‌యుటిల్‌తో లెక్కతీసి సరిచూసుకోవచ్చు. రెండూ కలిస్తే ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే ఫైలు. ఆ ఫైలును గిట్‌లో పెట్టేటప్పుడు దాన్ని టెక్స్టుగా చూడొద్దని గిట్ యాట్రిబ్యూట్స్‌లో చెప్పు. లేకపోతే విండోస్‌లో దింపుకున్నప్పుడు వరస చివరలు గిట్ మార్చేయగలదు.

ఆఫీసు బయటివాళ్లకు పంపుతున్నావా, అయితే మీ లోపలి ప్యాకేజీల పేర్లు ముందు మార్చెయ్. ఇది ఊరికే భయపెట్టడం కాదు. అలెక్స్ బిర్సాన్ అనే పరిశోధకుడు 2021 ఫిబ్రవరిలో బయటపెట్టిన సంగతి ఇది. ఆయన పెద్ద పెద్ద కంపెనీల మెటాడేటా ఫైళ్లు బయటపడిన చోట లోపలి ప్యాకేజీల పేర్లు చూసి, అవే పేర్లతో బహిరంగ భండారాల్లో తన ప్యాకేజీలు పెట్టాడు. ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ల యంత్రాలు లోపలివి అనుకుని వాటిని తెచ్చుకుని నడిపాయి. ఆయన మంచివాడు కాబట్టి వాళ్లకే చెప్పాడు. పేర్లు మార్చాక బగ్గు ఇంకా వస్తోందా అని మళ్లీ నడిపి చూడు, చాలామంది మరిచిపోయేది ఇదే. మార్చిన దాంట్లో బగ్గు లేకపోతే నువ్వు పంపింది ఉత్త కాగితం.

నువ్వు ఊరికి వచ్చినప్పుడు ఈ పని చేద్దామనుకుంటే అక్కడే కావలసిన వీల్ ఫైళ్లన్నీ పిప్‌తో ఒక ఫోల్డరులోకి దింపుకుని రా. ఇక్కడి నెట్టు నీకు తెలిసిందే. ఆ ఫోల్డరు నుంచే ఇన్‌స్టాల్ చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. మధ్యలో ఎవరో కొత్త వెర్షను వదిలినా నీ ప్రయోగం మారదు.

లీడ్ గారితో గొడవ పెట్టుకోమని నేను అనడం లేదు. ఆయనకు గడువులుంటాయి, పైనుంచి ఫోన్లుంటాయి. వెళ్లి, ‘సార్, ఈ ఫైలు ఇలా నడిపితే పడుతుంది, ఈ ఒక్క గుర్తు తీస్తే పడదు, దిద్దుబాటు ఒక్క వరస’ అని మూడు మాటల్లో చెప్పు. రెండు నిమిషాల్లో తన కళ్లతో చూడగలిగినదాన్ని ఎవరూ కాదనరు. వినకపోతే అప్పుడు కూడా నీ పరీక్షల ఫోల్డరులో ఆ ఫైలు ఉండనీ. ఊళ్ల పేర్లన్నీ అందులో పెట్టు, పడేవీ, పడనివీ. ఎవరైనా రేపు ఎన్‌కోడింగ్ మాట తీసేస్తే విండోస్‌లో ధర్మవరం పట్టిస్తుంది, ఎవరైనా లాటిన్-1 అంటే అనంతపురం పట్టిస్తుంది.

రిపోర్టు రాశాక పంపే ముందు నాకొకసారి చూపించు. ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ మొదటి పేరాలోనే ఉండాలి. నీ ఊహలు ఆఖర్న రాయి, ఊహలని చెప్పి రాయి. ఫైలు జతచేశావో లేదో రెండోసారి చూసుకో. రచయిత వరసలో పేరు మాత్రం తెలుగులోనే ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న